తెల్ల అంగీ

గుడ్డులో ఉండగానే మొదలైంది చదువు.
పెంకుకి చెవి ఆనిస్తే లోపల సన్నటి కీచు.
గ్లాఫీరా తిమొఫేవ్నా టేపు నొక్కేది:
తల్లి సారసం గొంతు, గుర్రు గుర్రుమంటూ,
ఎప్పుడో ఏ చిత్తడిలోనో పట్టి తెచ్చిన గొంతు.
లోపలి కీచు ఆగేది.
మళ్లీ మొదలయ్యేది, ఈసారి జవాబులా.

ఓకా నది ఒడ్డున, ర్యజాన్ అడవుల్లో,
మంచు కరిగి దారులన్నీ బురదైన మే నెలలో
నన్ను పనిలో పెట్టుకుంటూ ఆమె చెప్పింది మూడే మాటలు:
"దగ్గొద్దు. తుమ్మొద్దు. పలకొద్దు."

తల నించి మడమ దాకా తెల్ల అంగీ,
ముఖం ముందు వల,
కుడిచేతికి తొడుగు: చెక్కతో చేసిన సారసం తల,
ఎర్ర ముక్కు, గుండీ కన్ను.
అది పిల్లకి అమ్మ.
నేను అమ్మ లోపలి మనిషిని.

పుట్టిన కొత్తలో ఎదుట కదిలినదాన్ని
పిల్ల కళ్లలో అచ్చేసుకుంటుంది.
బూటు కదిలితే బూటే తల్లి, బకెట్టు కదిలితే బకెట్టే.
అందుకే ఈ వేషం.
మనిషి ముఖం అచ్చుపడిందా,
పెద్దయ్యాక మనిషి వెంటే నడుస్తుంది,
మనిషినే జత కోరుతుంది,
తుపాకీ ఉన్నవాడి దగ్గరికీ అంతే నమ్మకంగా వెళ్తుంది.

పొడవడం దానికి పుట్టుకతో వచ్చు.
దేన్ని పొడవాలో రాదు.
గడ్డిపరకని, తన కాలి వేలిని, నా అంగీ దారప్పోగుని
పొడిచి పొడిచి నిద్రపోయేది.
చెక్క ముక్కుతో తూనీగని పట్టి ఊపేదాన్ని.
చూసేది. మెడ వంచి రెండో కంట చూసేది.
పదకొండోసారి లాక్కుంది.
ఆ తర్వాత తూనీగలన్నీ దానివే.
ఒకసారి కందిరీగని మింగబోయింది.
ఆ పాఠం నేను చెప్పనక్కర్లేకపోయింది.

నదిలో ఇసుక పడవ కూత పెడితే
మొదటిరోజు అంగీ కిందకి దూరింది.
మూడోరోజు మెడ మాత్రం ఎత్తింది.
వారం తిరిగేసరికి బురద కెలుక్కుంటూనే ఉంది.
కూతని మరవలేదు. పట్టించుకోనక్కర్లేదని నేర్చుకుంది.
నాకా విద్య పట్టుబడలేదు. వల లోపల దోమ పాడితే
ఇప్పటికీ చెయ్యి లేస్తుంది.

కాలికి ఏడో నెంబరు కట్టు.
పేర్లు పెట్టకూడదు. నేను పెట్టాను.
నాలుక మీదే ఉంచుకున్నాను, కరగని ఉప్పుకల్లులా.

ఆగస్టులో చివరి పాఠం, భయం.
దానికి మామూలు మనుషులు కావాలి:
మామూలు బట్టల్లో, అరుస్తూ, బకెట్లు మోగిస్తూ.
ఆ రోజు డ్రైవర్ ప్రోఖోర్‌కి జ్వరం.
గ్లాఫీరా తిమొఫేవ్నా నా వైపు చూసింది.

అంగీ విప్పాను. నీలం కోటు, చెదిరిన జుట్టు,
మూడు నెలల్లో తొలిసారి ఆ ఆవరణలో నా ముఖం.
బకెట్టు మీద గరిటె వేశాను.
ఏం అరవాలో తోచక
మా ఊరి బస్సు ఆగే చోట్ల పేర్లు వరసగా అరిచాను.

ఏడో నెంబరు తలెత్తింది.
నీలికళ్లు. ఒక్క క్షణం.
పరిగెత్తింది, రెక్కలు విప్పుకుని, కాళ్లు తడబడుతూ,
తెల్ల అంగీ దగ్గరికి.
లోపల ఉన్నది గ్లాఫీరా. దాని లెక్కలో
లోపల ఎవరూ లేరు. అమ్మ ఉంది, అంతే.
ఆ అంగీ నాదే. మోచేతి దగ్గర
నేను కుట్టిన అతుకు కనబడుతూనే ఉంది.

రాత్రి కాగితం మీద ఆమె రాసింది:
మనిషిని చూసి పారిపోయింది.
పక్కన, బళ్లో పంతులమ్మలా, ఐదుకి ఐదు.
టీ కప్పు నా ముందుకి తోసింది.
"మొదటి ఏడాది నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు," అంది.
ఇంకేం అనలేదు. పలకకుండా ఉండడం
ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది.

సెప్టెంబర్లో పెట్టెల్లో పెట్టి విమానం ఎక్కించారు,
ఉత్తరాన ఏదో చిత్తడికి, అడవి సారసాల మధ్యకి.
దక్షిణానికి దారి మేం నేర్పలేదు. మాకు రాదు.

ఖాళీ ఆవరణ ఊడుస్తూ ఒక ఉదయం
ఆ పేరు పైకి పలికి చూశాను.
బొంగురుగా వచ్చింది.
కంచె మీది కాకి ఎగిరిపోలేదు.
చేతిలో రొట్టె ఉందేమోనని చూసింది.